‘బెటర్’ అంటే మెత్తని మాట అనుకుంటున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంగ్లీషులో గట్టిగా సలహా చెప్పడం, హెచ్చరించడం మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగితే నగరం నలుమూలల నుంచీ పంపారు. ఒకాయన అయితే ఏకంగా వాళ్ల అపార్ట్‌మెంటు నోటీసు బోర్డునే ఫొటో తీసి పెట్టారు. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ పేటల పేర్లే వేస్తున్నాం.

ప్రశ్న: హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాను. అమెరికా క్లయింటు నుంచి కొన్ని ఫైళ్లు రావాలి, రెండుసార్లు అడిగినా పంపలేదు. మూడోసారి చాలా మర్యాదగానే ‘యూ హ్యాడ్ బెటర్ సెండ్ ద ఫైల్స్ బై ఫ్రైడే’ అని మెయిల్ పెట్టాను. మర్నాడు మా మేనేజరు పిలిచి, క్లయింటునే బెదిరిస్తావా అని క్లాసు పీకాడు. బెటర్ అనే కదా రాశాను, ఇందులో బెదిరింపు ఎక్కడుంది సార్? (కూకట్‌పల్లి)

జవాబు: మీ మేనేజరు చెప్పిందే కరెక్టు తమ్ముడూ, కానీ మిమ్మల్ని ముంచింది మన తెలుగులో తిరుగుతున్న ‘బెటర్’. పొద్దున లేస్తే ‘రేపు వస్తే బెటరండీ’, ‘ఔటర్ మీద పోతే బెటర్’, ‘ఒకసారి డాక్టరుకు చూపిస్తే బెటర్’ అంటూనే ఉంటాం. వింటే వినండి, లేకపోతే మీ ఇష్టం అన్నంత మెత్తగా ఉంటుంది ఆ మాట. దాన్నే ఎత్తుకెళ్లి ఇంగ్లీషు వాక్యంలో పెట్టి ముందు ‘హ్యాడ్’ తగిలించేసరికి మొత్తం తిరగబడుతుంది, ఎందుకంటే ‘యూ హ్యాడ్ బెటర్’ వెనక పైకి చెప్పని రెండో సగం ఒకటి ఎప్పుడూ ఉంటుంది: చేయకపోతే ఏదో ఒకటి జరుగుతుంది అని. ఆ జరిగేది వానలో తడవడం కావచ్చు, రైలు వెళ్లిపోవడం కావచ్చు, ఉద్యోగం ఊడటం కూడా కావచ్చు. మీ మెయిల్ ఆ క్లయింటుకు ‘శుక్రవారంలోగా పంపితే బాగుంటుంది’ అని వినపడలేదు, ‘శుక్రవారంలోగా మర్యాదగా పంపించెయ్’ అని వినపడింది. చూడండి, మన ‘మర్యాదగా’కు కూడా ఇదే గతి పట్టింది, ‘మర్యాదగా డబ్బులు కట్టు’ అన్నవాడిలో మర్యాద ఎవరికీ కనపడదు కదా.

అలాగని ‘హ్యాడ్ బెటర్’ చెడ్డ మాట కాదు, ఎవరు ఎవరితో అంటున్నారన్నదే అసలు సంగతి. బయట మబ్బు పట్టి ఉంటే తల్లి కొడుకుతో ‘యూ హ్యాడ్ బెటర్ టేక్ యాన్ అంబ్రెల్లా’ అంటుంది, అది ప్రేమే. దోస్తుతో ‘వీ హ్యాడ్ బెటర్ లీవ్ నౌ, బయో డైవర్సిటీ దగ్గర ట్రాఫిక్ ఉంటుంది’ అనొచ్చు, ఇబ్బందేమీ లేదు. మన గురించి మనం చెప్పుకునే ‘ఐ హ్యాడ్ బెటర్ గో’ అయితే అన్నిటికంటే నిరపాయం, ‘ఇక బయల్దేరతాను’ అని సెలవు తీసుకోవడమే అది. క్లయింటు, పై అధికారి, ఇంటి ఓనరు, కొత్త వియ్యంకులు, వీళ్లతో మాత్రం దాని జోలికి పోకండి.

గ్రామర్ కూడా చెప్పేస్తాను, ఇందులో మనవాళ్లు వరసగా పడే గుంటలు మూడున్నాయి. ‘హ్యాడ్’ ఉంది కదా అని ఇది గతానికి సంబంధించింది కాదు, ఇప్పటికో ఇంకాసేపట్లో చేయాల్సిన పనికో వాడతాం. తర్వాత ‘టు’ రాదు, ‘హ్యాడ్ బెటర్ టు సెండ్’ అనరు. వద్దని చెప్పాలంటే ‘నాట్’ బెటర్ తర్వాత వస్తుంది: ‘యూ హ్యాడ్ బెటర్ నాట్ పార్క్ హియర్’. ఇంకొకటి, ఎదురుగా ఉన్న ఈ ఒక్క సందర్భానికే ఇది పనికొస్తుంది కాబట్టి ‘ఇంగ్లీషు రావాలంటే రోజూ పేపరు చదవాలి’ లాంటి ఎల్లకాలపు సలహాకు ‘షుడ్’ చాలు. మాట్లాడేటప్పుడు ఆ ‘హ్యాడ్’ సగం మింగేసి ‘యూడ్ బెటర్’ అంటారు, ఒక్కోసారి అదీ వినపడక ఉత్త ‘యూ బెటర్’ మిగులుతుంది. మన ఆఫీసు కౌంటర్లలో పాపం ఏ దురుద్దేశమూ లేకుండా చెప్పే ‘బెటర్ యూ కమ్ టుమారో’ విని ఫారినర్లు ఉలిక్కిపడేది అందుకే.

మరి ఏం రాయాలి? ‘కుడ్ యూ సెండ్ ద ఫైల్స్ బై ఫ్రైడే? వితౌట్ దెమ్ వీ వోంట్ బి ఏబుల్ టు స్టార్ట్ టెస్టింగ్ ఆన్ మండే.’ మొదటి వాక్యం మెత్తగా అడుగుతుంది, రెండోది నష్టం ఏమిటో చెబుతుంది, బరువంతా ఆ రెండోదే మోస్తుంది. అప్పటికీ కదలకపోతే ‘ఐ యామ్ కన్సర్న్‌డ్ దట్ వీ మే మిస్ ద డెడ్‌లైన్’ అని రాయండి. ఆఫీసు ఇంగ్లీషులో ‘కన్సర్న్‌డ్’ అన్నాడంటే మనిషి సీరియస్‌గా ఉన్నాడని అర్థం. ముందు ఒక ప్లీజ్ పెడితే సరిపోదా అనుకోకండి, ‘ప్లీజ్, యూ హ్యాడ్ బెటర్’ అంటే దండం పెట్టి కొట్టినట్టుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి కాన్పుకు డాలస్ వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చాను బాబూ. అక్కడి పిల్లల డాక్టరమ్మ తేనె గురించి ‘యూ మస్ట్ నాట్ గివ్ హిమ్ హనీ’ అంది, స్నానం గురించి ‘యూ డోంట్ హ్యావ్ టు బేత్ హిమ్ ఎవ్రీ డే’ అంది. రెండిట్లోనూ కాదనే మాటే వినపడింది కాబట్టి రెండూ వద్దంటోందనుకుని రోజూ నలుగు పెట్టి స్నానం చేయించడం కూడా మానేశాను. మా అల్లుడు ఇప్పటికీ నవ్వుతుంటాడు. మస్ట్ అన్నా హ్యావ్ టు అన్నా ఒకటేనని కదా మాకు బళ్లో చెప్పింది? (వనస్థలిపురం)

జవాబు: బళ్లో చెప్పింది సగం నిజమేనమ్మా. ‘యూ మస్ట్ గో’, ‘యూ హ్యావ్ టు గో’ రెండూ ‘వెళ్లాలి’ అనే. చెప్పేవాళ్ల పట్టుదల ఉంటే మస్ట్, బయటి రూలో అవసరమో ఉంటే హ్యావ్ టు అని పుస్తకాలు విడదీస్తాయి గానీ మాటల్లో అంత పట్టింపు ఉండదు. చిక్కంతా కాదనేటప్పుడే వస్తుంది. ‘మస్ట్ నాట్’ అంటే ఇవ్వకూడదు, ‘డోంట్ హ్యావ్ టు’ అంటే చేయించక్కర్లేదు. మన ‘కూడదు’కూ ‘అక్కర్లేదు’కూ ఉన్నంత తేడా ఉంది, తెలుగులో ఎవరూ పొరపడని తేడా అది.

డాక్టరమ్మ తేనెకు అంత గట్టి మాట వాడటానికి కారణం ఉంది. తేనెలో ఒక్కోసారి క్లాస్ట్రిడియం బాట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. పెద్దవాళ్ల పేగులు వాటిని పట్టించుకోవు, ఏడాది నిండని పిల్లల పేగుల్లో అయితే అవి మొలకెత్తి విషం తయారుచేయగలవు, పసివాడి కండరాలు పట్టు తప్పుతాయి, ఊపిరికే ప్రమాదం. పుట్టగానే నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో ఆచారం కాబట్టి ఇక్కడి డాక్టర్లు కూడా వద్దనే చెబుతారు. స్నానం సంగతి వేరు, రోజూ చేయిస్తే లేత చర్మం పొడిబారవచ్చు, వారానికి మూడుసార్లయినా సరిపోతుందని ఆమె ఉద్దేశం, మీరు రోజూ చేయించినా ఆమె ఏమీ అనేది కాదు. మీరు అపార్థం చేసుకున్నది నయమైన వైపే లెండి. అదే తిరగేసి, తేనె ‘ఇవ్వక్కర్లేదు, ఇస్తే ఇవ్వచ్చు’ అని విని ఉంటే అల్లుడుగారు నవ్వేవారు కాదు.

ఇంకో మాట. ఈసారి వెళ్లినప్పుడు పక్కింటావిడ ‘యూ మస్ట్ కమ్ ఫర్ డిన్నర్’ అంటే ఆజ్ఞాపిస్తోందేమిటని కంగారు పడకండి, అది మన ‘మీరు రావాల్సిందే’ లాంటి ఆపేక్ష. పిలుపుల్లో, పొగడ్తల్లో మస్ట్ ఎంత గట్టిగా ఉంటే అంత ప్రేమ.

ప్రశ్న: గోల్కొండ కోటలో గైడుగా ఉన్న. ఫారినర్లు ఫోన్లు చూసుకుంటా మెట్లెక్కుతరు, గోడ అంచుకు పోయి ఫొటోలు దిగుతరు. ‘ప్లీజ్ సర్, కైండ్లీ సీ డౌన్ సర్’ అంట నేను చెప్పేలోపు వాళ్లు తూలనే తూలుతరు. హుషార్ చేయాలంటే ఏం అనాలె? (గోల్కొండ)

జవాబు: ముందు ఆ ప్లీజ్‌నూ, కైండ్లీనీ, సర్‌నూ తీసెయ్ తమ్మీ. మనిషి పడిపోయేటప్పుడు మర్యాద వాక్యం పూర్తిచేసే టైమ్ ఎవరికీ ఉండదు, అలాంటప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా రెండు మూడు మాటల్లోనే అరుస్తారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఫతే దర్వాజా కింద నువ్వు కొట్టే చప్పట్లు కిలోమీటరు దూరంలో పైన బాలా హిస్సార్‌లో వినపడతాయని రోజూ చూపిస్తుంటావు కదా, ఆ కోట కట్టినవాళ్లకు తెలుసు హెచ్చరిక ఎంత పొట్టిగా ఉండాలో.

‘సీ డౌన్’ అనే మాట లేదు. మెట్ల దగ్గర ‘వాచ్ యువర్ స్టెప్’. తల తగిలే చోట బ్రిటిష్ వాళ్లకు ‘మైండ్ యువర్ హెడ్’, అమెరికా వాళ్లకు ‘వాచ్ యువర్ హెడ్’. లండన్ మెట్రోలో ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య సందు ఉందని చెప్పే ‘మైండ్ ద గ్యాప్’ ఉంది చూడు, ఆ మైండ్ ఇదే. పైనుంచి ఏదైనా పడుతుంటేనో, వెనక నుంచి బండి దూసుకొస్తుంటేనో ‘లుక్ అవుట్!’ లేదా ‘వాచ్ అవుట్!’ అని అరవాలి. ‘లుక్ అవుట్’ అంటే బయటికి చూడమని కాదు, ఈ మాట మీ ఆటోవాళ్లకూ క్యాబ్‌వాళ్లకూ కూడా చెప్పు, వెనక కూర్చున్న ఫారినర్ ఆ కేక పెడితే కిటికీలోంచి చూసేవాళ్లున్నారు. మెట్లు తడిగా ఉంటే ‘కేర్‌ఫుల్, ఇట్స్ స్లిప్పరీ’ అంటే చాలు.

టైమ్ ఉన్నప్పుడు, అంటే పైకెక్కే ముందు కింద నిలబడి చెప్పేటప్పుడు, మెత్తగా చెప్పొచ్చు. మే నెలలో ‘యూ మైట్ వాంట్ టు క్యారీ సమ్ వాటర్’ అంటే నీళ్లు తీసుకోకపోతే చస్తారని ఎంత మర్యాదగా చెప్పినట్టో. అంచున నిలబడ్డవాళ్లతో ‘ఐ వుడంట్ స్టాండ్ దేర్ ఇఫ్ ఐ వర్ యూ’ అను. నీ గురించి నువ్వు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది గానీ, బ్రిటిష్‌వాడు ఆ మాట వింటే వెంటనే రెండడుగులు వెనక్కి వేస్తాడు. అక్కడ ‘వాజ్’ కాదు, ‘వర్’.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు గేటుకు అడ్డంగా బండ్లు పెడుతున్నారు. ‘రెసిడెంట్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు కైండ్లీ డు నాట్ పార్క్ హియర్’ అని బోర్డు పెట్టించాం, ఒక్కరూ పట్టించుకోలేదు. దాని కింద ఎర్ర అక్షరాలతో ‘ఆర్ ఎల్స్!’ అని రాయిద్దామని మా ప్రెసిడెంటుగారు పట్టుబడుతున్నారు. రాయించొచ్చా? (మియాపూర్)

జవాబు: వద్దు. ‘ఆర్ ఎల్స్’ అని అక్కడితో ఆపేస్తే ‘లేకపోతే చూస్కో’ అన్నట్టే ఉంటుంది, రౌడీయిజంలా వినపడుతుంది, పైగా చూస్కునేది ఏమీ లేదని అందరికీ తెలుసు. మీరు పంపిన ఫొటోలో ఆ బోర్డు కిందే రెండు బండ్లున్నాయి.

ఇంగ్లీషు బోర్డుల్లో గట్టిదనం మస్ట్‌తో రాదు, ఏం జరుగుతుందో ‘విల్’తో తేల్చి చెప్పడంతో వస్తుంది. పాత కాంపౌండు గోడల మీద ‘ట్రెస్‌పాసర్స్ విల్ బి ప్రాసిక్యూటెడ్’ అని చూసే ఉంటారు, లోపలికి రావొద్దని అందులో ఎక్కడా లేదు, వచ్చినవాడి మీద కేసు పెడతామని మాత్రమే ఉంది. మీ బోర్డు మీద పెద్దగా ‘నో పార్కింగ్’, కింద చిన్నగా ‘కీప్ గేట్ క్లియర్ ఫర్ యాంబులెన్స్’ అని కారణం రాయించండి, జనరల్ బాడీలో జరిమానా ఆమోదించి ఉంటేనే ఆ మొత్తం కూడా వేయించండి, వసూలు చేయలేని జరిమానా రాస్తే ఉన్న విలువ కూడా పోతుంది. రిక్వెస్టెడ్ అనే రాయాలనుకుంటే ‘రిక్వెస్టెడ్ నాట్ టు పార్క్’ సరైనది. అసలు ఆ బండ్లు పెట్టేవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువైతే ఒక లైను తెలుగులోనూ రాయించి చూడండి, ఈ ఆలోచన అసోసియేషన్లకు ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ప్రశ్న: మా కోడలు ఐర్లండ్ అమ్మాయి, చాలా మంచిది. నేను ‘యూ షుడ్ ఈట్ మోర్’, ‘యూ షుడ్ రెస్ట్’ అని ప్రేమగా అంటుంటే తనకు కమాండ్ చేసినట్టు ఉందట, మా వాడు చెప్పాడు. ఏం అనాలి? (తార్నాక)

జవాబు: తెలుగులో మీరు ‘తినమ్మా’ అంటారు, ఆ చివరి ‘అమ్మా’లోనే సగం ప్రేమ ఉంది. ‘అండీ’, ‘నాన్నా’, ‘తల్లీ’ లాంటివి ఇంగ్లీషులో క్రియకు అతకవు కాబట్టి ‘షుడ్’ ఒంటరిగా నిలబడిపోతుంది. తిండి దగ్గర ‘హ్యావ్ సమ్ మోర్’ అనండి, అది ఉత్త ఆజ్ఞే అయినా పెట్టేది మీరు, తినేది ఆ అమ్మాయి, లాభం ఆమెదే కాబట్టి మర్యాదే అవుతుంది. అలసిపోయి ఉంటే ‘వై డోంట్ యూ లై డౌన్ ఫర్ ఎ వైల్?’ అనండి. ‘షుడ్’ను పూర్తిగా మానక్కర్లేదు, ‘యూ షుడ్ సీ రామప్ప’ అంటే సంతోషిస్తుంది, తీసుకెళ్లమంటుంది కూడా. ‘యూ షుడ్ హ్యావ్’ మాత్రం ఇంట్లో వాడకండి. ‘యూ షుడ్ హ్యావ్ టోల్డ్ మీ’ అంటే నాకెందుకు చెప్పలేదని నిలదీయడమే.

ప్రశ్న: రిటైరై ఇంట్లో ఉంటున్నాను. మొన్న ముంబయి పోలీసులమంటూ వీడియో కాల్ వచ్చింది. గడగడా ఇంగ్లీషు. ‘యూ హ్యాడ్ బెటర్ కోఆపరేట్’, ‘యూ మస్ట్ నాట్ డిస్‌కనెక్ట్’, ‘యూ ఆర్ అండర్ డిజిటల్ అరెస్ట్’ అంటుంటే చెమటలు పట్టాయి. మనవడు వచ్చి ఫోన్ లాక్కుని కట్ చేశాడు. ఇలాంటివాళ్లకు ఇంగ్లీషులోనే గట్టిగా ఏం జవాబు చెప్పాలి? (మల్కాజిగిరి)

జవాబు: ఏమీ చెప్పొద్దు సార్, మీ మనవడు చేసిందే చేయండి. మన దేశ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు, 2024 అక్టోబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లోనే ఈ మాట చెప్పి, ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాత చర్య తీసుకోండి అన్నారు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, కేసు మాఫీకి డబ్బు పంపమనడు.

వాళ్ల వాక్యాల్లో గ్రామర్ తప్పులు లేవు, అదే మీలాంటి చదువుకున్నవాళ్లను కట్టిపడేస్తుంది. మంచి ఇంగ్లీషు మాట్లాడేవాడు పెద్ద ఆఫీసరే అయ్యుంటాడని మన తరాలకు నూరిపోశారు, దొంగలు దాన్నే పెట్టుబడిగా వాడుకుంటున్నారు. నిజమైన హెచ్చరికకూ దీనికీ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. మీ మేలు కోరి హెచ్చరించేవాడు విషయం చెప్పి, నలుగురినీ అడిగి చూసుకోమంటాడు. వీళ్లు ‘డోంట్ టెల్ ఎనీవన్’ అంటారు, ఆలోచించే టైమ్ ఇవ్వరు, ఫోన్ పెట్టనివ్వరు. నోరు ఊరుకోకపోతే ‘ఐ యామ్ హ్యాంగింగ్ అప్ నౌ’ అని కట్ చేయండి, ముందు ‘సారీ’ చేర్చకండి. డబ్బు పోయి ఉంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకుల్లో ఆపే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని ఇంట్లో చెప్పకుండా దాచేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు, మీరు రాసి మంచి పని చేశారు.

ప్రశ్న: ‘ప్లీజ్ సజెస్ట్ మీ సమ్ గుడ్ అడ్వైసెస్’ కరెక్టేనా? రూమ్‌లో పందెం కాశాం. (అమీర్‌పేట)

జవాబు: కాదు, పందెం పోయింది. ‘అడ్వైస్’కు బహువచనం లేదు, మరీ లెక్క కావాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. ‘సజెస్ట్ మీ’ అనరు. ‘కెన్ యూ గివ్ మీ సమ్ అడ్వైస్?’ అంటే సరిపోతుంది. పనిలో పనిగా ఇంకొకటి: ‘ఐ సజెస్ట్ యూ టు గో’ కూడా తప్పే, ‘ఐ సజెస్ట్ యూ గో’ అనాలి. అయితే ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా ‘ఐ సజెస్ట్ యూ లీవ్’ అంటే అది సజెషన్ కాదు, గెటౌట్.